ఎదురింటి గోడ కూడా మీ హాలుకు రంగు వేస్తుంది

ప్రశ్న: మాది కాకినాడలో ఐదంతస్తుల అపార్టుమెంటులో నాలుగో అంతస్తు. హాలు పదహారు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. వెలుగు వచ్చేది ఉత్తరం వైపు నుంచి మాత్రమే. పదకొండు అడుగుల ఆ గోడకే బాల్కనీ తలుపు, కిటికీ ఉన్నాయి. ఇరవై అడుగుల దూరంలో ఎదురు అపార్టుమెంటు, దానికి ఇటుక రంగు వేశారు. మా తలుపులు టేకువి, సోఫా మెరూన్, కింద తెల్ల టైల్స్, పైన తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులైట్లు. ఇప్పుడు గోడలకు ఉన్నది లేత పీచ్ రంగు. శ్రావణంలో మా అమ్మాయి నిశ్చితార్థం ఇంట్లోనే చేస్తున్నాం, అందుకని ఈ ఆషాఢంలో రంగులు వేయించేద్దామనుకున్నాం. నాకు గంధం రంగు ఇష్టం. మావారు హైదరాబాద్‌లో స్నేహితుడి కొత్త ఇంట్లో లేత బూడిద రంగు చూసి వచ్చారు, అదే కావాలంటున్నారు. రెండూ గోడ మీద పక్కపక్కనే వేయించి చూశాం. బూడిద నీలంగా కనిపించింది, గంధం పసుపు రాసినట్టు కనిపించింది. షాపువాళ్లు తప్పు కలిపారని మావారు వెళ్లి గొడవపడ్డారు. మా అత్తగారు పొద్దున ఒకటి బాగుందంటారు, సాయంత్రానికి రెండోది బాగుందంటారు. ఆవిడకు మార్చిలో ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా చేయించాలి. మేమిద్దరం ఉద్యోగస్తులం, ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. షేడ్ కార్డులోంచి కత్తిరించిన రెండు ముక్కలు ఉత్తరంతో పంపుతున్నాను. ఏది వేయించమంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీవారు షాపుకు వెళ్లి గొడవపడ్డారన్నారు కదా, ముందు ఆ సంగతి తేలుద్దాం. పాపం, వాళ్లు తప్పు కలిపి ఉండరనే నా అనుమానం. తప్పు మీరు చూసిన పద్ధతిలో ఉంది.

పీచ్ అంటే తెలుపులో కాస్త నారింజ. ఆ నారింజ గోడ నడుమ బూడిద రంగు పట్టీ ఒకటి వేయించారు. నారింజకు ఎదురు రంగు నీలం. చుట్టూ నారింజ పరుచుకుని ఉంటే, మధ్యలో ఉన్న బూడిదను మన కన్ను తనంత తానే నీలం వైపు నెడుతుంది. దాని పక్కనే గంధం పట్టీ వేయించారు. నీలంగా కనిపిస్తున్న దాని పక్కన చేరేసరికి గంధంలో ఉన్న పసుపు రెట్టింపైంది. మూడు రంగులు ఒకే చోట చేరి ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయన్న మాట. పని పూర్తయ్యాక మీ గోడ మీద పీచ్ ఉండదు, రెండో పట్టీ ఉండదు. అప్పుడు కనిపించే రంగును మీరింకా చూడనే లేదు.

ఇలాంటి గొడవ రెండు వందల ఏళ్ల కిందట పారిస్‌లోనూ జరిగింది. గోబ్లాన్ అనే చోట గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసే ప్రభుత్వ కార్ఖానా ఉంది. అక్కడ అద్దకం పనికి పెద్దగా ఉన్న మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరికి నేతవాళ్లు వచ్చి, మీ నల్ల ఉన్నిలో నలుపు చాలడం లేదు, అద్దకం బాగాలేదు అన్నారు. ఆయన ఇతర కార్ఖానాల నల్ల ఉన్ని తెప్పించి పోల్చి చూస్తే తేడా ఏమీ లేదు. ఆ నల్లదారం నీలం, ఊదా దారాల పక్కన పడినప్పుడే వెలిసినట్టు కనిపిస్తోందని చివరకు తేలింది. పక్కరంగు చేసే ఈ మాయ మీద ఆయన 1839లో ఒక పెద్ద పుస్తకమే వేశాడు. మనిషి నూట రెండేళ్లు బతికాడు కూడా. మీవారికి ఈ కథ చెప్పండి, వీలైతే ఆ షాపాయనకు ఒక మంచిమాటా చెప్పి రమ్మనండి. ఆయనతో ఇంకా పని ఉంది.

ఇక మీరు పంపిన ముక్కలు. రెండూ కలిపి బొటనవేలంత లేవు. ఒక్కొక్కదాన్నీ విడిగా తెల్ల కాగితం మీద పెట్టి, మా కిటికీ దగ్గర పగటి వెలుగులో చూశాను. తెలుపు పక్కన పెడితే ఏ రంగైనా తన లోపలి గుణం బయటపెడుతుంది. మీవారి బూడిదలో నిజంగానే నీలం పాలు ఉంది, పీచ్ గోడ దాన్ని ఇంకా పెంచి చూపించిందంతే. మీ గంధం, పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర వచ్చినవాళ్ల మెడకు రాస్తారే, ఆ అరగదీసిన గంధం కాదు. దానికన్నా రెండాకులు ఎక్కువ పసుపు. తెలుగులో గంధం రంగు అనే మాట కింద ఇరవై రంగులు తలదాచుకుంటాయి. షాపులో ఆ మాట వాడకండి, నంబరు చెప్పండి. నేను చూసింది మా కిటికీ వెలుగులో కాబట్టి నా చూపు మీ హాలుకు పూర్తిగా చెల్లదు. ఎందుకు చెల్లదో చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది.

చీర కొనేటప్పుడు మీరేం చేస్తారు? షాపులో లైట్ల కింద నచ్చిన చీరను మడత విప్పకుండానే గుమ్మం దాకా తీసుకువచ్చి ఎండలో ఒకసారి చూస్తారు. మీ అమ్మగారూ అలాగే చూసి ఉంటారు. ఆరు గజాల చీరకు అంత జాగ్రత్త తీసుకునే మనం, నాలుగైదు వందల చదరపు అడుగుల గోడను మాత్రం గోరంత ముక్క చూసి ఖాయం చేసేస్తాం. చీరను ఎండలోకి తేవచ్చు గాని గోడను తేలేం. కాబట్టి గోడ దగ్గరికి ఏ వెలుగు ఎప్పుడు వస్తుందో లెక్క చూసుకోవాలి.

ఉత్తరం వెలుగు చల్లగా, నీలం వైపు ఉంటుందని ఎవరిని అడిగినా చెబుతారు. సాధారణంగా అది నిజమే. మీ హాలులో మాత్రం సగమే నిజం. ఎదురుగా ఉన్న ఇటుక రంగు గోడ మీకు ఉత్తరాన ఉంది, అంటే మీ వైపు తిరిగి ఉన్న దాని ముఖం దక్షిణానికి ఉంది. కాకినాడ దాదాపు పదిహేడు డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మీ నడినెత్తి దాటి ఉత్తరం వైపుకు వెళ్తాడు. ఆ రోజుల్లో ఎదురింటి దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు. మీరు పరీక్ష పెట్టింది సరిగ్గా ఈ రోజుల్లోనే, అదీ ఆషాఢ మేఘాల కింద. బూడిద అంత నీలంగా కనిపించడంలో ఈ మబ్బు వెలుగు పాలు కూడా ఉంది.

ఆగస్టు దాటితే సంగతి తిరగబడుతుంది. సూర్యుడు మెల్లగా దక్షిణానికి వాలతాడు. డిసెంబరు చివరికి మధ్యాహ్నం వేళ కూడా ఆకాశంలో సగం ఎత్తునుంచే ఎండ కొడుతుంది. మీ అపార్టుమెంటు నీడ ఎదురింటి కింది అంతస్తుల మీద పడినా, మీ నాలుగో అంతస్తుకు సమంగా ఉన్న భాగానికి ఎండ బాగానే తగులుతుంది. ఎండలో వెలిగే ఆ ఇటుక గోడ ఇరవై అడుగుల దూరంలో ఒక పెద్ద నారింజ దీపంలా పనిచేస్తుంది. ఆ వెలుగు మీ బాల్కనీలోంచి వచ్చి తెల్ల టైల్స్ మీద పడి గోడల మీదికి లేస్తుంది. సంక్రాంతి రోజుల్లో పగలు పదకొండు గంటలకు హాలు మధ్యలో ఒక తెల్ల కాగితం పట్టుకుని చూడండి, నేను చెప్పేది కనిపిస్తుంది.

ఆ వెలుగు మీరు పంపిన గంధం మీద పడితే ఏమవుతుంది? ముద్దపసుపు అవుతుంది. ఎదురింటివాళ్లు ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు మీకు పసుపు నారింజలను ఉచితంగా పంపుతున్నారు, మళ్లీ అదే రంగును మీరు డబ్బిచ్చి డబ్బాలో కొనక్కర్లేదు.

అయితే బూడిదే మంచిదా అంటారేమో. పగటిపూట మీవారి మాటకు బలం ఉంది, దాచను. నారింజ వెలుగులో నీలపు బూడిద కాస్త వెచ్చబడి హుందాగా ఉంటుంది. కానీ మీ ఇద్దరూ పగలు ఇంట్లో ఉండరు. ఆరు దాటాక మీరు చూసే వెలుగంతా మీ ట్యూబులైట్లదే. తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులైటు అంటే మన ఇళ్లలో దాదాపు ఎప్పుడూ 6500 కెల్విన్‌దే. పెట్టె మీద రాసి ఉంటుంది, చూడండి. ఆ సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపుకు పోతుంది. వెనకటి గుండు బల్బు దాదాపు 2700 ఉండేది. 6500 వెలుగులో నీలపు బూడిద గోడలు, పైన తెల్ల కప్పు, కింద తెల్ల టైల్స్ కలిస్తే హాలు రాత్రిపూట ఆసుపత్రి వరండాలా ఉంటుంది. హైదరాబాద్ స్నేహితుడి ఇంట్లో బాగుందంటే, ఆ ఇంట్లో ఏ లైట్లున్నాయో, కిటికీ ఎటువైపు ఉందో మీవారు గుర్తు చేసుకోవాలి. కొత్త ఇళ్లలో పైకప్పుకు పసుపు వెలుగు దీపాలు పెట్టిస్తున్నారు. ఆయనకు నచ్చింది గోడ రంగో, ఆ దీపాలో ఆయనకే తెలియకపోవచ్చు.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి నా సొంత కథ ఒకటి. పాతికేళ్ల కిందట మా పడగ్గదికి కార్డు చూసి లేత పిస్తా రంగు ఎంచుకున్నాను. కార్డు మీద ఎంతో ముచ్చటగా ఉంది. నాలుగు గోడలూ పూర్తయ్యాక చూస్తే ఆ రంగు మూడింతలు చిక్కబడింది. ఊరి నుంచి వచ్చిన మా చెల్లెలు గదిలోకి రాగానే, "అక్కా, నీకు ఒంట్లో బాగాలేదా, అలా పాలిపోయావేమిటి?" అంది. నేను శుభ్రంగానే ఉన్నాను. గోడల పచ్చదనం నా మొహం మీద పడుతోంది. గదిలో గోడలు ఎదురెదురుగా ఉంటాయి. ఒక గోడ మీద పడిన వెలుగు ఆ రంగును మోసుకుని రెండో గోడ మీదికి పోతుంది, అక్కడి నుంచి మళ్లీ మొదటిదాని మీదికి వస్తుంది. అందుకే కార్డు మీద లేతగా ఉన్నది గదిలో ముదురుతుంది. ఆ వెలుగులోనే మన మొహాలూ కనిపిస్తాయి. మీ అమ్మాయి నిశ్చితార్థం ఫోటోలు ఆ హాలులోనే తీస్తారు, గుర్తుంచుకోండి.

మీ అత్తగారి మాటకు వద్దాం. ఇంట్లో ఆ గోడలను అందరికన్నా ఎక్కువసేపు చూసేది ఆవిడే, ఆ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆవిడ మాట మారుస్తున్నారని మీరు కొంచెం విసుగ్గానే రాశారు. వయసు పైబడిన కంటి కటకం పసుపు బారుతుంది. శుక్లం ముదిరితే అది పసుపు గాజులా నీలాన్ని అడ్డుకుంటుంది. ఆపరేషన్‌లో ఆ కటకం తీసి స్వచ్ఛమైనది పెడతారు. కాబట్టి ఇప్పుడు ఆవిడకు ఒక కంట్లో లోకం తెల్లగా, కాస్త నీలంగా, రెండో కంట్లో పాత ఫోటోలా పసుపుగా కనిపిస్తూ ఉండవచ్చు. ఒక తెల్ల తువ్వాలు చూపించి, ఒక్కో కన్నూ మూసి చూడమనండి, తేడా ఆవిడే చెబుతారు. ఏ కంటితో ఎక్కువగా చూస్తే ఆ పూటకు ఆ రంగు బాగుంటుంది. రెండో ఆపరేషన్ కూడా అయ్యాక రెండు కళ్లకూ నీలం బాగా తెలుస్తుంది. కొన్ని నెలల్లో చూపు అలవాటు పడుతుంది గాని, ఆ మొదటి రోజుల్లో నీలపు బూడిద గోడలు ఆవిడకు మరీ చలిగా అనిపిస్తాయి.

ఇంకొక లెక్క. గోడ తన మీద పడిన వెలుగులో నూటికి ఎన్ని పాళ్లు వెనక్కి పంపుతుందో చెప్పే సంఖ్య ఒకటి ఉంది, ఎల్‌ఆర్‌వీ అంటారు. నలుపుకు అది ఐదు దాకా, మంచి తెలుపుకు ఎనభై పైన ఉంటుంది. కొన్ని పెయింట్ కంపెనీలు ప్రతి షేడ్‌కూ దాన్ని ఇస్తాయి, షాపులో అడిగితే చూసి చెబుతారు. ఒకే వైపు కిటికీ ఉండి పదహారు అడుగుల లోతున్న హాలుకు అరవైకి తగ్గిన రంగు వద్దు, డెబ్బై దాటితే మంచిది. ముక్కలను కంటితో చూస్తే మీవారి బూడిద ఆ అరవై గీత దగ్గరే తచ్చాడుతోంది. హాలులో దక్షిణపు చివర సోఫా వెనుక పగలు కూడా లైటు వేసుకోవలసి వస్తుంది.

కాబట్టి నా మాట ఇది. రెండు ముక్కల్లో దేన్నీ ఉన్నది ఉన్నట్టుగా వేయించవద్దు. మీ గంధం వరుసలోనే రెండు గళ్లు పైకి వెళ్లండి. తెలుపు పక్కన పెడితే తప్ప రంగు ఉందని తెలియనంత లేతగా, మీగడకు దగ్గరగా ఉండేది తీసుకోండి. పగటిపూట దానికి కావలసిన వెచ్చదనం ఎదురింటి గోడ ఇస్తుంది. టేకు తలుపుల పక్కన, మెరూన్ సోఫా వెనుక అది ఒదిగి ఉంటుంది. మనుషుల మొహాలను పాడుచేయదు. రాత్రి సంగతికి లైట్లు మార్చండి. 6500వి తీసి 4000 కెల్విన్ ట్యూబులు పెట్టించండి. రంగుల ఖర్చుతో పోలిస్తే అదెంత? నిజానికి ఆ పని రంగుకన్నా ముందు చేయాలి. రేపే రెండు ట్యూబులు తెచ్చి బిగించండి, ఇప్పుడున్న పీచ్ గోడే వేరుగా కనిపిస్తుంది. కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. ఎనభైకి తగ్గకూడదు, తొంభై దొరికితే వదలకండి.

మూడు గోడలకు ఒకటి, నాలుగో గోడకు ఇంకొకటి అనే రాజీ మాత్రం ఒప్పుకోకండి. మీ పెయింటరు తప్పకుండా ఆ మాట అంటాడు, ఇద్దరినీ సంతోషపెట్టడానికి. పదకొండు అడుగుల వెడల్పు హాలులో నీలపు బూడిదా గంధమూ ఎదురెదురుగా నిలబడితే మొన్న మీరు పట్టీల్లో చూసిన గొడవే గది పొడుగునా జరుగుతుంది.

నా మాట కూడా నమ్మనక్కర్లేదు, పరీక్ష మళ్లీ పెట్టండి. స్టేషనరీ షాపులో దొరికే పెద్ద తెల్ల చార్టులు, 22 అంగుళాలకు 28 అంగుళాలవి, దళసరివి మూడు తెప్పించండి. ఒకదానికి మీరు పంపిన గంధం, ఒకదానికి మీవారి బూడిద, మూడోదానికి నేను చెప్పిన లేత గంధం. కొన్ని షాపుల్లో చిన్న శాంపిల్ డబ్బాలు ఇస్తారు. లేకపోతే లీటరు డబ్బాలు కలిపించండి, కాస్త ఖర్చే గాని మొత్తం హాలు రెండోసారి వేయించడంకన్నా నయం. అంచున రెండు అంగుళాలు తెల్లగా వదిలి, నాలుగు గంటల తేడాతో రెండు కోటింగులు వేయండి. తడిగా ఉన్నప్పుడు చూసి హడలిపోవద్దు. ఎమల్షన్ తడిలో పాలిపోయినట్టు ఉండి ఆరాక కొంచెం ముదురుతుంది. సముద్రం పక్క ఊరు, పైగా వానాకాలం కాబట్టి ఒక రోజంతా ఆరనివ్వండి.

ఆరాక చార్టును నిలువునా సగానికి మడిచి, మడత గది మూలలోకి వచ్చేలా రెండు గోడలకూ అంటించండి. రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి వెలుగు చిమ్ముకుంటాయి. నాలుగు గోడలూ వేశాక రంగు ఎంత చిక్కబడుతుందో ఆ మూలలో ముందే తెలుస్తుంది. చుట్టూ పీచ్ ఉంది కదా, అది కంటిని మళ్లీ మోసం చేస్తుంది. అందుకని వెనుక ఒక పాత తెల్ల దుప్పటి కట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి ఒక్క చార్టే ఉండాలి. మూడూ పక్కపక్కన పెట్టారో మళ్లీ మొదటికి వస్తారు. రోజుకొకటి చొప్పున మూడు రోజులు, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి, రాత్రి కొత్త లైట్ల కింద చూడండి. పగలు మీరు ఉండరు కాబట్టి ఆ రెండు మూడు చూపులు అత్తగారివి. ఆవిడ రోజూ కూర్చునే కుర్చీ నుంచే చూడాలి. మీరూ మీవారూ ఎవరి కాగితం మీద వాళ్లు మార్కులు వేసుకుని మూడో రాత్రి దాకా ఒకరికొకరు చూపించుకోవద్దు. నిశ్చితార్థానికి మీ అమ్మాయి కట్టుకునే చీర సిద్ధంగా ఉంటే దాన్నీ ఆ చార్టు పక్కన ఒకసారి పట్టండి.

ఆషాఢపు మబ్బులో ఎదురింటి నారింజ వెలుగు ఈ పరీక్షలో కనిపించదు, ఆ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ఏది సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుందో, డిసెంబరు పగటికి దానికన్నా ఒక మెట్టు పసుపు ఎక్కుతుంది. ఇప్పుడు కాస్త చప్పగా ఉందే అనిపించినదే అప్పటికి సరిపోతుంది. మూడు రోజుల తరవాత కూడా ముగ్గురిలో ఇద్దరు బూడిదకే ఓటు వేస్తే బూడిదే వేయించండి, నాకేమీ కోపం లేదు. కానీ నీలపు బూడిద కాదు. అదే కార్డులో బూడిదలోనే కొంచెం గోధుమ పాలు ఉన్నవి కొన్ని ఉంటాయి. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వాటిలో బాగా లేతది తీసుకోండి.

పైకప్పు గురించి ఒక మాట. మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. సున్నంలోని పసుపు ఛాయను ఆ నీలం కప్పేస్తుంది, గోడ ధగధగ తెల్లగా కనిపిస్తుంది. మా నాయనమ్మకు షెవ్రోల్ ఎవరో తెలియదు గాని చిటికెడు ఎంతో తెలుసు. ఇప్పటి మెరుపు తెలుపు పెయింట్లలోనూ కొన్నింటికి అలాంటి నీలపు ఛాయే ఉంటుంది. అలాంటి తెలుపును కప్పుకు వేయిస్తే కింద ఉన్న గంధం మళ్లీ పసుపెక్కుతుంది. కప్పుకు మామూలు తెలుపు అడగండి.

వెలుగు పదకొండు అడుగుల గోడ వైపు నుంచి వస్తోంది కాబట్టి రెండు పొడుగాటి గోడల మీదా అది ఏటవాలుగా పాకుతుంది. లప్పంలో చిన్న ఎగుడుదిగుడు ఉన్నా నీడ పడి బయటపడుతుంది. మెరుపు ఎక్కువున్న రకం వేస్తే ఆ లోపాలు ఇంకా పెద్దవిగా కనిపిస్తాయి. అందుకని మెరుపు తక్కువ ఉండి తుడవడానికి వీలైన రకం అడగండి. పీచ్ మీద నేరుగా వేయకుండా ఒక చేయి ప్రైమర్ కొట్టించండి, లేకపోతే లేత రంగు కింద నుంచి పీచ్ తొంగిచూస్తుంది. గోడలో ఎక్కడైనా చెమ్మ ఉంటే, అరచేయి ఆనిస్తే తెలుస్తుంది, అది ఆరే దాకా ఆ భాగం ముట్టుకోవద్దు. నిశ్చితార్థం నాటికి ఆరకపోతే అక్కడ ఒక తెర వేలాడదీయండి, ఎవరూ అడగరు.

ఎంత కావాలో లెక్క: గోడల చుట్టుకొలత 54 అడుగులు, ఎత్తు పది అనుకుంటే 540 చదరపు అడుగులు. తలుపులు, కిటికీ తీసేస్తే సుమారు 450. రెండు కోటింగులకు లీటరు నూటపది చదరపు అడుగుల దాకా వస్తుందనుకుంటే నాలుగు లీటర్ల పైన కొంచెం. ఐదు లీటర్లు ఒకేసారి కలిపించుకోండి. సగంలో అయిపోయి మళ్లీ కలిపిస్తే వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఏటవాలు వెలుగులో ఆ గీత జీవితాంతం కనిపిస్తుంది. డబ్బాలు రెండు మూడైతే అన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలియబెట్టాకే బ్రష్ ముంచమనండి. మిగిలినది మూత బిగించి దాచండి. షేడ్ నంబరు, బేస్ (రంగు చుక్కలు కలిపే మూల పెయింటు) పేరు వంటింటి అలమర తలుపు లోపలి వైపు రాసి పెట్టండి. కాగితాల మీద రాసినవి అవసరానికి దొరకవు.

ఉత్తరం హాలుకు వాస్తు ప్రకారం ఆకుపచ్చ రంగు వేయాలని పక్కింటివారు అన్నారని చివర చిన్న అక్షరాల్లో రాశారు. వాస్తు నా పని కాదు. ఆకుపచ్చ సంగతంటారా, మా చెల్లెలు ఏమందో పైన చెప్పాను.

మీరు పంపిన రెండు ముక్కలూ ఇదే కవరులో తిరిగి పెడుతున్నాను. గంధం ముక్క వెనుక పెన్సిలుతో పైకి ఒక బాణం గీశాను. షాపులో కార్డు తెరిచి, ఆ ముక్క ఉండే గడి నుంచి బాణం వైపుకు రెండు గళ్లు లెక్కపెట్టండి.